కొండ దిగడానికి ఏం సర్దుకోవాలి

నాలుగేళ్ళ కిందట డిసెంబరు మొదటి వారంలో ఒడిశా గజపతి జిల్లాలోని మహేంద్రగిరి కొండ దిగుతుంటే నా కుడి కాలి బూటు అడుగు ఊడిపోయింది. అతుకు విడిపోవడం కాదు, పైతోలుకీ కింది రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొర మొత్తం టీలో నానిన బిస్కెట్టులా పొడిపొడి అయిపోయి, రబ్బరు అట్ట ఒక్కటీ రాళ్ళ మధ్య ఉండిపోయింది. అప్పటికి టైము నాలుగూ నలభై. మేం నలుగురం, నేనూ, మా తమ్ముడూ, మరదలూ, దారి చూపించడానికి వచ్చిన సవర తెగ తాత. మా దగ్గర ఉన్న టార్చిలైటు ఒక్కటే. ఫోన్లు పొద్దున్నించీ ఫొటోలు తీసీ తీసీ ఇరవై శాతానికి వచ్చేశాయి.

తాత ఏమీ కంగారు పడలేదు. పక్కనే ఉన్న అడ్డతీగ నుంచి నార చీల్చి, నా తువ్వాలు మడత పెట్టి అడుగున వేసి, బూటుకి చుట్టూ నాలుగు కట్లు కట్టాడు. "మెల్లగా రామ్మా, కొండ ఎక్కడికీ పోదు, పొద్దే పోతాది" అన్నాడు. గంటన్నరలో దిగాల్సిన దారికి మూడు గంటలు పట్టింది. కింద ఊరి దీపాలు కనబడేసరికి ఎనిమిది కావస్తోంది, మా మరదలు ఆ దీపాలు చూసి ఏడ్చేసింది.

ఆ రోజు నుంచి నేను సంచి సర్దే పద్ధతి మారిపోయింది. ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని, సాయంత్రం నాలుగింటికి, కాళ్ళు వణుకుతూ దిగేటప్పుడు ఇది నాకు పనికొస్తుందా అని అడుగుతాను. ఎక్కేటప్పుడు ఉత్సాహం ఉంటుంది, వెలుగు ఉంటుంది, సీసాలో నీళ్ళుంటాయి, ఏ తప్పు చేసినా సర్దుకుపోతుంది. దిగేటప్పుడు ఇవేవీ ఉండవు. హిమాలయాల కోసం రాసిన సామాను జాబితాలు మన వాళ్ళు చాలామంది అలాగే పట్టుకుని కొనేస్తుంటారు, ఐదు వేలు పెట్టి లావుపాటి జాకెట్టు కొంటారు, తలకి కట్టుకునే లైటు మాత్రం కొనరు. గజపతి, రాయగడ, కొరాపుట్ కొండలు వేయి నుంచి పదిహేడు వందల మీటర్ల లోపువి. మహేంద్రగిరి 1501 మీటర్లు, ఒడిశా మొత్తానికి ఎత్తయిన దేవమాలి 1672. ఇక్కడ ఊపిరాడకపోవడం, మంచు తుఫాను లాంటి సమస్యలు లేవు. మన సమస్యలు తేమ, ఎండ, తొందరగా పడే చీకటి, ఉరుములు, దోమలు.

ముందు బూట్ల సంగతి, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది అక్కడే. నా బూట్లు పాతవి కావు, అంటే వాడినవి కావు. ఆ నడకకి ఆరేళ్ళ ముందు కొని నాలుగైదు సార్లు తొడిగి అటక మీద పెట్టాను, పైకి కొత్తవాటిలాగే మెరుస్తున్నాయి. తర్వాత తెలిసింది ఏమిటంటే, చాలా బూట్లలో ఆ మధ్యపొరని పాలియురెథేన్ అనే పదార్థంతో చేస్తారట, అది గాలిలోని తేమని పీల్చుకుని సంవత్సరాల మీద లోపల్లోపలే విరిగిపోతుంది. వాడకుండా మూసి ఉంచితే ఇంకా తొందరగా పాడవుతుంది. మనది సముద్రానికి దగ్గర ప్రాంతం, వానాకాలంలో అటక మీద చెప్పు కూడా బూజు పడుతుంది, ఇక చెప్పేదేముంది. కాబట్టి బయల్దేరే వారం ముందు బూట్లు తీసి, మడమ దగ్గర ఆ పొరని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, బూటుని ముందుకి వంచి పక్కల సన్నటి పగుళ్ళు ఉన్నాయేమో చూడండి, తొడుక్కుని ఇంటి చుట్టూ రెండు రోజులు నడవండి. పగులు కనబడితే ఎంత ఖరీదైనదైనా కొండకి వద్దు. సంచిలో రెండు మీటర్ల నైలాను తాడు, చిన్న టేపు చుట్ట ఎప్పుడూ ఉంచుకోండి, అందరికీ పక్కన అడ్డతీగ గుర్తుపట్టే తాత ఉండడు కదా.

కొత్తవి కొనాలంటే సాయంత్రం పూట వెళ్ళండి, రోజంతా తిరిగాక పాదం కొంచెం వాచి ఉంటుంది, కొండ మీద ఉండే సైజు అదే. మీరు వేసుకునే మేజోళ్ళతోనే తొడిగి చూడండి. షాపులో మెట్లుంటే దిగి చూడండి, దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకుంటే ఆ బూటు వద్దు. బొటనవేలు ముందు ఒక వేలెడు ఖాళీ ఉండాలి. అడుగున గాట్లు లోతుగా, ఒకదానికొకటి దూరంగా ఉంటే ఎర్రమట్టి ఇరుక్కోకుండా రాలిపోతుంది, దగ్గర దగ్గరగా ఉన్న సన్న గాట్లు మన మట్టిలో పది అడుగులకే నిండిపోయి సబ్బులా జారతాయి. ఎక్కేటప్పుడు లేసు చీలమండ దగ్గర కొంచెం వదులుగా, దిగడం మొదలుపెట్టే ముందు కూర్చుని గట్టిగా బిగించి కట్టుకోండి. మడమ వెనక్కి ఆనుకుని ఉండాలి, పాదం ముందుకి జారకూడదు. ఈ రెండు నిమిషాల పని చేయనివాళ్ళకే గోళ్ళు నల్లబడతాయి. గోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి, ఆ రోజు పొద్దున్న కాదు.

నూలు మేజోళ్ళు వద్దని ఎంత చెప్పినా వినరు. నూలు తడిస్తే ఆరదు, తడిచర్మం మెత్తబడి రాసుకుని బొబ్బ లేస్తుంది. ఉన్నివో, సింథటిక్‌వో ఒక జత వేసుకుని, ఇంకో జత ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, ఆ రెండో జత దిగే ముందు మార్చుకోవడానికి. పాదంలో ఎక్కడైనా వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తే "పైకెళ్ళాక చూద్దాంలే" అనుకోకుండా అక్కడికక్కడే ఆగి కాగితపు టేపు అంటించండి. మందుల షాపులో కట్లు కట్టడానికి అమ్మే తెల్లటి టేపు చాలు.

మోకాళ్ళ గురించి నలభై దాటినవాళ్ళు నన్ను ఎక్కువ అడుగుతుంటారు. ఎక్కితే ఆయాసం, దిగితే మోకాలు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువుని ఆపాలి, మర్నాడూ ఆ మర్నాడూ మెట్లు దిగలేనంత నొప్పి వచ్చేది అందుకే. దీనికి మందు ముందే తీసుకోవాలి: మూడు నాలుగు వారాల ముందు నుంచి వారానికి మూడు రోజులు మెట్లు దిగడం. ఎక్కడం కాదు, దిగడం. మా వీధిలో మూడంతస్తుల బిల్డింగు ఉంది, నేను అక్కడే చేస్తాను. కర్రలు రెండుంటే మోకాళ్ళకి చాలా ఊరట. కొనే కర్రలైతే తిప్పి బిగించే రకం కంటే పక్కన చిన్న పిడితో నొక్కి బిగించేవి మేలు, తిప్పేవి తడిలో జారి ఒక్కసారిగా కుంగిపోతాయి. చదునులో మోచేయి లంబకోణంలో ఉండే పొడవు పెట్టుకుని, దిగేటప్పుడు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పెంచుకోండి. కొనలేకపోతే ఛాతీ ఎత్తున్న వెదురు కర్ర ఒకటి చాలు, దాన్ని ఎక్కేటప్పుడు కిందగా, దిగేటప్పుడు పైగా పట్టుకుంటే అదే సర్దుబాటు. తాత చేతిలో ఉన్నది అదే.

ఇప్పుడు చీకటి. హైదరాబాదు నుంచి వచ్చే బంధువులకి ఇది అర్థం కాదు. మనం తూర్పున ఉన్నాం, డిసెంబరు మొదట్లో పర్లాకిమిడిలో ఐదుంబావుకే పొద్దుగూకుతుంది, హైదరాబాదు కంటే సుమారు ఇరవై ఐదు నిమిషాలు ముందు. పైగా కొండకి తూర్పు వాలులో దిగుతుంటే సూర్యుడు శిఖరం వెనక్కి వెళ్ళిపోయి, చెట్ల కింద నాలుగున్నరకే మసక. అందుకే లెక్క ముందే వేసుకోవాలి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటికీ నడకవాళ్ళు అదే వాడతారు: ఐదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అంటే రానూపోనూ పన్నెండు కిలోమీటర్లు, 900 మీటర్ల ఎత్తు అనుకుంటే దాదాపు నాలుగు గంటలు. అది ఆగకుండా నడిచే గట్టివాళ్ళ లెక్క. మన ఉక్కలో, పొదల దారిలో, పిల్లలో పెద్దవాళ్ళో తోడుంటే దానికి సగం కలపండి, ఆరు గంటలు. తినడానికీ కూర్చోడానికీ ఇంకో గంటన్నర. ఈ లెక్కని చీకటి నుంచి వెనక్కి వేసుకుంటూ వస్తే ఎప్పుడు బయల్దేరాలో తెలుస్తుంది. వెనక్కి తిరిగే టైము కూడా ఇంటి దగ్గరే నిర్ణయించి అందరికీ చెప్పాలి. మాకు శీతాకాలంలో అది మధ్యాహ్నం పన్నెండు. పన్నెండయితే శిఖరం కళ్ళ ముందే ఉన్నా తిరిగేస్తాం. రెండుసార్లు అలా భీముడి గుడి దాకా వెళ్ళకుండానే వచ్చేశాం, మా తమ్ముడు వారం రోజులు మాట్లాడలేదు, అయినా నేను మారలేదు.

లైటు మనిషికొకటి. నలుగురికి ఒకటి ఉంటే ముందువాడికి దారి కనబడుతుంది, వెనకవాళ్ళకి వాడి వీపు కనబడుతుంది. తలకి కట్టుకునేది అయితే రెండు చేతులూ కర్రలకి ఖాళీగా ఉంటాయి. రెండు మూడు వందల ల్యూమెన్లు (లైటు వెలుగుకి కొలత) చాలా ఎక్కువ, అంతకంటే కాంతి కోసం డబ్బు పెట్టక్కర్లేదు, దానికి బదులు విడి బ్యాటరీలు పెట్టుకోండి. పొగమంచులో తల మీది వెలుగు ఎదురుగా తెల్లగోడలా కళ్ళలోకే కొడుతుంది, అప్పుడు లైటు తీసి నడుం దగ్గర పట్టుకోండి, రాళ్ళ నీడలు పడి గుంతలు బాగా తెలుస్తాయి. విజిలు కూడా ఒకటి మెడలో వేసుకోండి. నిమిషానికి ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదడం సాయం కోసం పిలుపు, జవాబు నిమిషానికి మూడు. రాత్రయితే లైటుతో అదే లెక్క. పిల్లలకి ఇంట్లోనే నేర్పించండి.

ఫోను ఎక్కేటప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ లేని లోయల్లో అది టవరు కోసం వెతికి వెతికి ఛార్జింగు తాగేస్తుంది, జీపీఎస్‌కి టవరు అక్కర్లేదు కాబట్టి ముందే దించుకున్న మ్యాపు మామూలుగానే పనిచేస్తుంది. వెళ్ళేటప్పుడు దారి రికార్డు చేసుకుంటే దిగేటప్పుడు ఆ గీత పట్టుకుని రావచ్చు, ఎందుకంటే పోడు పొలాల్లో కాలిబాటలు ఎక్కేటప్పుడు అన్నీ ఒకటై పైకి పోతాయి, దిగేటప్పుడు పది చోట్ల చీలతాయి. చీకటి పడ్డాక మాత్రం దగ్గరదారి అని పొలాలకి అడ్డంగా పోవద్దు. అడవి పందుల కోసం కొన్ని చోట్ల దొంగతనంగా కరెంటు తీగలు పెడతారు, మనుషులు కూడా వాటికి బలయ్యారు. దారి పొడుగైనా బండిబాట మీదే రండి.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. అందులో ఒక లీటరు సీసా మూత దిగడం మొదలయ్యేదాకా తీయకూడదు, ఇది మా ఇంట్లో చట్టం. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టుని లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, సగం ప్యాకెట్టు అందాజుగా సీసాలో పోయడం తప్పు, ఉప్పూ చక్కెరా పాళ్ళు కుదిరితేనే పేగు నీటిని పీల్చుకుంటుంది. గెడ్డ (కొండవాగు) నీళ్ళు ఎంత తేటగా ఉన్నా పైన ఊరో పశువుల మందో ఉంటుంది, మరిగించి తాగండి, లేదా క్లోరిన్ బిళ్ళ వేసి దాని మీద రాసినంతసేపు ఆగండి. తిండికి నేను చోడి (రాగి) అంబలి పొద్దున్నే తాగి, అటుకులూ బెల్లం వేరుశనగపప్పూ కట్టుకెళ్తాను. బిస్కెట్లు దాహం పెంచుతాయి, కవర్లు కొండ మీద మిగులుతాయి.

బట్టల్లో ఒక్కటే మాట: పొడి చొక్కా ఒకటి అడుగున దాచండి. వేయి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, పైన గాలి ఉంటుంది, ఒళ్ళంతా చెమట. దేవమాలికి చాలా దూరం బండి వెళ్ళిపోతుంది కాబట్టి మన వాళ్ళు టీషర్టుతో దిగేస్తారు, పొట్టంగి, సిమిలిగుడ వైపు జనవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకునే రోజులు ఉంటాయని మర్చిపోయి. జీన్సు వద్దు, తడిస్తే కిలో బరువు. సంచికి వర్షం కవరు ఉన్నా వీపు వైపు నుంచి నీళ్ళు దిగుతాయి, అందుకే సంచి లోపల చెత్తబుట్టకి వేసే పెద్ద నల్ల కవరు పరిచి అందులోనే అన్నీ సర్దండి. వానకి పాంచో మంచిదే కానీ ముళ్ళపొదల్లో చిరుగుతుంది, దారి వెడల్పుగా ఉండి గాలి లేనప్పుడు గొడుగుని మించింది లేదు.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మి ఈదురుగాలి లేస్తే ఇంకేం ఆలోచించకండి. ఉరుము వినబడిందంటే పిడుగు మీ దాకా రాగలదని అర్థం. శిఖరం, గట్టు, ఒంటరి చెట్టు వదిలి కిందికి దిగండి, గుంపుగా కూర్చోకుండా దూరం దూరంగా ఉండండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఫోన్లో ఉంచుకోండి, సిగ్నల్ ఉన్న చోట చుట్టుపక్కల పిడుగులు చూపిస్తుంది. పెద్ద వానల తర్వాత వారం పాటు కోసుకుపోయిన వాలుల కిందకి వెళ్ళకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో కొండచరియ కింద మనుషులు పోయారు.

జంతువుల విషయంలో ఊళ్ళోవాళ్ళు చెప్పిందే వినండి. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారుజామున ఎలుగుబంట్లు చెట్ల కింద ఉంటాయి, కాబట్టి మాట్లాడుకుంటూ నడవండి. ఏనుగులు ఆ వారం ఎటు తిరుగుతున్నాయో కింద టీకొట్టులో అడిగితే చెప్తారు. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు, కాలు కదలకుండా కర్రతో ఆనించి కట్టి, మోసుకుని కిందికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. వానాకాలం జలగలకి ప్యాంటు అంచులు మేజోళ్ళలో దోపితే సగం సమస్య పోతుంది, పట్టుకున్నదాన్ని లాగకుండా గోటితో పక్కకి జరిపి వదిలించండి.

ఇంకొకటి ఉంది, ఇది ఇంటికి వచ్చాక. ఆ బూటు ఊడిన నడక తర్వాత పదకొండో రోజు మా తమ్ముడికి జ్వరం వచ్చింది, తలనొప్పి, ఒళ్ళు విరిగిపోయేంత నొప్పులు. మొదట చూపించిన చోట వైరల్ అని పారాసిటమాల్ ఇచ్చి పంపేశారు. నాలుగో రోజుకి కూడా తగ్గలేదు. స్నానానికి నీళ్ళు పెడుతూ మరదలు చూసింది, నడుం దగ్గర, సరిగ్గా సంచి బెల్టు ఒరుసుకున్న చోట, సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే వాడు పట్టించుకోలేదు. ఇంకో డాక్టరు గారు ఆ మచ్చ చూడగానే "పొదల్లో తిరిగారా" అని అడిగి రక్తపరీక్ష రాసి, ఆ రోజే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. స్క్రబ్ టైఫస్. గడ్డిలో ఉండే కంటికి కనబడనంత చిన్న పురుగు కుడితే వస్తుంది, కుట్టిన వారం పది రోజులకి బయటపడుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతుంది. మందు పడ్డ రెండో రోజుకి జ్వరం దిగింది.

దక్షిణ ఒడిశాలో మలేరియా కూడా ఎక్కువగా ఫాల్సిపారం రకం, మెదడుకి ఎక్కే రకం. మారుమూల ఊళ్ళలో దాన్ని అరికట్టడానికి ప్రభుత్వం 2017లో దమన్ అనే కార్యక్రమమే పెట్టింది, తగ్గింది కానీ పోలేదు. దాని జ్వరం కూడా దోమ కుట్టిన వారం నుంచి నెల లోపు ఎప్పుడైనా రావచ్చు. అందుకని ఇప్పుడు కొండ నుంచి వచ్చిన రాత్రి మేం చేసే పని ఇది: బట్టలన్నీ వేడినీళ్ళలో పడేస్తాం, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుంటూ చంకలు, గజ్జలు, నడుం, మోకాళ్ళ వెనక ఒకరికొకరు చూసుకుంటాం, తర్వాత వంటింటి క్యాలెండరులో నాలుగు వారాల తర్వాతి తేదీ చుట్టూ ఎర్రగీత గీస్తాను. ఆ తేదీ లోపు ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ఆ రోజే రక్తపరీక్షకి వెళ్ళాలి, వెళ్ళి కూర్చోగానే డాక్టరుతో చెప్పాల్సిన మొదటి మాట, ఫలానా తారీఖున అడవిలో నడిచాం అని.